నీళ్లు లేని బావులు

ఈ వారం హెచ్‌.జి. వెల్స్‌ ‘టైమ్‌ మెషిన్‌’ మళ్లీ చదివాను. ఇంటర్‌ రోజుల్లో నిద్ర పట్టనివ్వని పుస్తకం. ఈసారి మనసు చివుక్కుమంది.

1895లో వచ్చిన ఈ చిన్న నవలలో కాలయాత్రికుడు 8,02,701వ సంవత్సరంలో దిగుతాడు. పాడుబడ్డ భవనాలు, పీలికలైన పుస్తకాలు, అక్కడక్కడా బావులు. అగ్గిపుల్ల గీసి తొంగిచూస్తే నీటి మెరుపు లేదు. అవి నేల కింద బతికేవాళ్లకు గాలి అందించే గొట్టాలట. పైన కలవాళ్ల సంతతి, కింద కూలీల సంతతి. ఊహ గొప్పదే. కానీ థేమ్స్‌ నది మైలు దూరం జరిగిందని వెల్స్‌ ఒక్క ముక్కలో తేల్చేశాడు. ఎందుకు జరిగింది? గట్టు ఎవరు వదిలేశారు? సుఖం మరిగి మనిషి చచ్చుబడ్డాడంటే సరిపోతుందా? ఊరు ఎలా పాడుబడిందో చెప్పని కథ నాకు సగం కథే.

హైదరాబాద్‌ శివారు బౌరంపేట్‌లో ఉండేవాళ్లకు ఈ బాధ అర్థమవుతుంది. పక్కనే మల్లంపేట కత్వ చెరువులో లేచిన విల్లాలను 2024 సెప్టెంబరులో చెరువుల ఆక్రమణలు తొలగించే హైడ్రా కూల్చింది. అవి లేచేనాటికే మనం ఒక మనిషిని పోగొట్టుకున్నాం. ఆయన చెరువు నీళ్లు పంచే నీరటి. తూము ఎప్పుడు తెరవాలో, ఏ మడికి ముందు నీళ్లు పారాలో, ఎంత వానకు మత్తడి దుంకుతుందో, చెరువు నీళ్లు పరుచుకునే శిఖం ఎక్కడిదాకానో ఆయనకు కంఠతా. నాగరికత కూలేది యుద్ధంలో కాదు, ఆ మనిషి అక్కర్లేదనుకున్న రోజున. 1565 యుద్ధం తర్వాత విజయనగరం శిథిలమైంది. కానీ నాటి కాలువల్లో కొన్నింటి కింద హంపీ దగ్గర నేటికీ పంట పండుతోంది. రాజులు పోయినా పూడిక తీసే చేతులు పోలేదు.

మన కథకులూ అటు చూడలేదు. 1991లో ‘ఆదిత్య 369’ సినిమా కాలయంత్రం మనల్ని రాయల సభకు తీసుకెళ్లింది, కాలువ గట్టుకు కాదు. చెరువుల పునరుద్ధరణకు తెచ్చిన మిషన్‌ కాకతీయ కోసం 46 వేలకు పైగా చెరువులు లెక్కపెట్టాం. ఆ చెరువుల్ని కాచినవాళ్ల మాటలు ఏ బడి పుస్తకంలో పెట్టాం? మా వీధి పిల్లలకు చెరువు నిండు మట్టాన్ని చెప్పే ఎఫ్‌టీఎల్‌ తెలుసు, శిఖం తెలియదు. తప్పు వాళ్లది కాదు, చెప్పని మనది.

తెలుగులో రేపటి కథ రాయాలనుకునేవాళ్లకు నా మనవి ఒక్కటే. అంగారకుడి మీదికి తర్వాత వెళ్దురుగాని, ముందు మీ ఊళ్లో నీరటి ఇల్లు ఎక్కడో అడగండి. ఆయనకు ఎనభై దాటి ఉంటాయి.

– మత్తడి