దీపం వారిది, వెలుగు మనది

దీపాలు కొనకుండా వెలుగు మాత్రమే కొనుక్కోవచ్చునంటే చదువరులు నవ్వవచ్చు. హాలెండులోని స్కిపోల్ విమానాశ్రయంవారు 2015లో అలాంటి ఒప్పందమే చేసుకున్నారు. దీపాలు ఫిలిప్సు కంపెనీవి. వాడుకున్న వెలుగుకే వీరు పైకం చెల్లించాలి. దీపం పాడయితే నష్టం కంపెనీకే గనుక, అది యెక్కువకాలం మన్నేట్టు, విడిభాగాలు మార్చుకునేట్టు తయారుచేశారు. అమ్మి చేతులు దులుపుకునే వర్తకుడికి ఆ చింత యెందుకుంటుంది?

మనదేశంలోనూ ఇ.ఇ.ఎస్.ఎల్. అనే సంస్థ, 2014 తుపాను తరువాత విశాఖపట్నంలోనూ, యింకా అనేక వూళ్లలోనూ తన పెట్టుబడితో వీధుల్లో ఎల్.ఇ.డి. దీపాలు పెట్టింది. కరెంటు ఖర్చులో మిగిలినదానితో పురపాలక సంఘం వాయిదాలు కట్టాలి. బాగానే వుంది. కాని గుమాస్తాను గదా, నా చూపు కాగితంమీదికే పోతుంది. దీపం ఆరితే యెన్ని గంటల్లో మనిషి రావాలి? రాకపోతే ఆ నెల బిల్లులో యెంత కోత? గడువు తీరాక దీపాలెవరివి? మీ వూళ్లోనూ యిటువంటి ఒప్పందముంటే, కౌన్సిలరుగారిని ఒకసారి అడిగి చూడండి.