గ్రాఫు ఒక్కటే దాచుకుంటే చాలా?

కిందటేడు సైన్సు ప్రదర్శన కోసం మా తొమ్మిదో తరగతి పిల్లలు కొందరు పెసర మొక్కలు పెంచారు. రోజూ ఎత్తు కొలిచి, కంప్యూటరులో ఎక్కించి, రంగురంగుల గ్రాఫు గీయించి నా ఫోనుకు పంపారు. చూడముచ్చటగా ఉంది. కానీ అందులో ఒక మొక్క ఎనిమిది రోజులకే 90 సెంటీమీటర్లు పెరిగింది! 9.0లో చుక్క ఎగిరిపోయి 90 అయిందేమో? సరిచూద్దామంటే పట్టిక లేదు. బొమ్మ చేతికి రాగానే పట్టికను భద్రపరచకుండా కంప్యూటరు కట్టేశారట. కొలతలు రాసుకున్న కాగితాలేమో ఏ చెత్తబుట్టలో పడ్డాయో! మూడు వారాల శ్రమ ఒక్క బొమ్మ దగ్గర ఆగిపోయింది.

లెక్కల పరీక్షలో జవాబు మాత్రం రాసి, చేసిన విధానం చెరిపేస్తే మీ మాస్టారు మార్కులు వేస్తారా? పట్టిక లేని గ్రాఫూ అటువంటిదే.

ఇది పిల్లల వ్యవహారమే అనుకోకండి. 2010లో కార్మెన్ రైన్‌హార్ట్, కెన్నెత్ రోగాఫ్ అనే పేరున్న ఆర్థికశాస్త్రవేత్తలు ఒక వ్యాసం ప్రచురించారు. ఏడాది మొత్తం ఉత్పత్తి విలువలో అప్పు 90 శాతం దాటిన సంపన్న దేశాల సగటు వృద్ధి -0.1 శాతమని అందులో లెక్కకట్టారు. ప్రభుత్వాలు ఖర్చులు తగ్గించుకోవాలని వాదించే నాయకులకు అది మంచి ఆధారమయింది. ప్రభుత్వ ఖర్చు తగ్గడమంటే ఎందరి ఉద్యోగాలో, ఎందరి పింఛన్లో కదా!

అమెరికాలోని మసాచుసెట్స్ విశ్వవిద్యాలయంలో థామస్ హెర్న్‌డన్ అనే పరిశోధక విద్యార్థి తరగతి పనిగా ఆ లెక్కను మళ్ళీ చేశాడు. ఎన్నిసార్లు చేసినా ఆ జవాబు రాలేదు. చివరికి వ్యాసకర్తలకే రాశాడు. వారు తమ ఎక్సెల్ పట్టికను పంపారు. తెరిచి చూస్తే ఏముంది? సగటు తీసే సూత్రం 30వ వరుస నుండి 49వ వరుస దాకా పోవలసింది 44 దగ్గరే ఆగింది. ఆస్ట్రేలియా, ఆస్ట్రియా, బెల్జియం, కెనడా, డెన్మార్క్ లెక్కలోకే రాలేదు! కొన్ని సంవత్సరాల అంకెలు వదిలేయడం, సగటు తీసిన పద్ధతి కూడా సరిగా లేవని హెర్న్‌డన్, అతని ఆచార్యులు 2013లో చూపారు. వారి లెక్కకు వచ్చిన సగటు 2.2 శాతం. వ్యాసకర్తలు ఎక్సెల్ పొరపాటును ఒప్పుకున్నారు. తక్కిన విమర్శను ఒప్పుకోలేదు. అడిగిన కుర్రవాడికి పట్టిక పంపినందుకు మాత్రం వారిని మెచ్చుకోవలసిందే. గ్రాఫు బొమ్మ పంపి ఊరుకుంటే ఆ తప్పు ఎవరికి దొరికేది?

మీరు కూడా పట్టికను సి.ఎస్.వి. ఫైలుగా దాచుకోండి. అది ఉత్త అక్షరాలు, అంకెలు, కామాలే గనుక ఏ కంప్యూటరులోనైనా తెరుచుకుంటుంది. గ్రాఫును పి.డి.ఎఫ్.గా దాచితే ఎంత పెద్దది చేసినా గీతలు చెదరవు. ఫోనులో ఫొటోగా పంపితే ఇరుసుల మీది అంకెలు అలుక్కుపోతాయి; నా కళ్ళద్దాలకు అవి అసలే ఆనవు. 'ఆర్' వంటి ఉచిత సాఫ్ట్‌వేరు వాడేవారు తామిచ్చిన ఆదేశాల ఫైలు కూడా జతచేయాలి. తోటి పిల్లల ఎత్తులు, బరువులు కొలిచినప్పుడు పేర్లు తీసేసి పంపాలి సుమా!

ఈ ఏడు పట్టిక జతచేయని గ్రాఫు చూడనని చెప్పేశాను. పిల్లలు కాస్త గొణుక్కున్నారు. తరువాత నేను మాదిరిగా ఇచ్చిన వర్షపాతం పట్టికలోనే ఒక అమ్మాయి రెండు తప్పులు పట్టుకొచ్చింది.