వంటయింటి కత్తి



చీర కొనవలెనన్న మనము నాలుగు అంగళ్లు తిరుగుదుము. అంచు చూతుము, నేత చూతుము, రంగు నిలుచునో నిలువదో యని అంగడివానిని పదిమారులు అడుగుదుము. ఏడాదికి నాలుగు సారులు కట్టు చీరకింత విచారణ కలదు గాని, దినమునకు రెండు పూటలు చేతబట్టు కత్తిని మాత్రము గిన్నెలు కొనబోయినప్పుడు కొసరువలె తెచ్చుకొందుము. నేనును మొన్న మొన్నటివఱకు అట్లే చేసితిని. అందువలన మా యింట కలిగిన కష్టమును, పిదప నేర్చుకొన్న సంగతులను ఈ మాసమున మీతో చెప్పుకొనదలచితిని.

మా అత్తగారు డెబ్బది దాటినవారు. ఏబది యేండ్లు కత్తిపీట ముందు కూర్చుండి కూరలు తఱిగిన చేయి వారిది. వారు కోసిన బెండకాయ చక్రములు అచ్చున పోసినట్లుండెడివి. రెండేండ్ల క్రిందట మోకాళ్ల నొప్పులు ముదిరి, నేలపై కూర్చుండరాదని వైద్యులు చెప్పిరి. కత్తిపీట అటక యెక్కినది. నేను బజారునకు బోయి, తళతళలాడు ఆరు కత్తుల పెట్టె చౌకగా దొరకెనని సంతోషించి కొని తెచ్చితిని.

మూడు నెలలు అవి ముచ్చటగా తెగినవి. పిమ్మట టొమాటోపై పెట్టిన తోలు నలుగుటయే గాని తెగుట లేదు. "అమ్మాయీ, ఈ కత్తికి పదును లేదే" అని అత్తగారు రెండు మూడు మారులు చెప్పిరి. ఉన్నదానితో సరిపెట్టుకొందమని నేను పెడచెవిని బెట్టితిని. ఒకనాడు వారు గుమ్మడికాయ కోయుచుండగా కత్తి తోలుమీద జాఱి యెడమచేతి బొటనవ్రేలిని చీల్చినది. నాలుగు కుట్లు పడినవి. అంతటితో పోయినను బాగుండెడిది. నేను భయములో, "ఈ వయస్సున మీకీ పని యెందుకు అత్తయ్యగారూ? ఇక మీరు కత్తి ముట్టవద్దు" అంటిని. వారు మాఱుమాట ఆడలేదు. మఱునాటినుండి వంటయింటి గడప త్రొక్కలేదు. గాయము మానిన పిదపను, కూరలు తఱుగు వేళకు వసారాలో కూర్చుండి తమ చేతులు తామే చూచుకొనుచుండిరి. విచారింపగా తప్పు వారి వయస్సునందు లేదు. ఎంచక కొని, చెప్పినను వినక, మొద్దు కత్తిని వారి చేతికిచ్చిన నాయందే యున్నది.

పదునైన కత్తి ప్రమాదకరమనియు, మొద్దుకత్తి క్షేమమనియు మనలో పెక్కుమంది తలంతురు. అది పొరపాటు. పదునైన కత్తి కొద్దిపాటి యొత్తిడికే కాయలోనికి దిగి, పెట్టినచోటనే నిలుచును. మొద్దుకత్తి దిగదు. దిగలేదని మనము బలముకొలది నొక్కుదుము. అప్పుడది నున్నని తోలుమీద ప్రక్కకు జాఱినచో ఆ బలమంతయు వ్రేలిమీద పడును. ఉల్లిపాయ విషయమును అంతే. మొద్దుకత్తి ఉల్లిని కోయుటకంటె నలుపుట యెక్కువ. నలిగినకొలది కంటినీరు తెప్పించు ఘాటు అధికముగా వెలువడును.

మఱియొక సంగతి. కత్తిపీటయందు అలుగు కదలదు. పీటను కాలితో అదిమిపట్టి, రెండు చేతులతో కాయను అలుగుమీదికి నడుపుదుము. చేతికత్తియందు కాయ కదలరాదు, కత్తియే కదలవలెను. కావున కత్తిపీటకు అలవడిన చేతికి కొంత నేర్పు క్రొత్తగా కావలెను. కాయను పట్టు చేతి వ్రేళ్ల కొనలను లోనికి ముడిచి, కణుపులను కత్తి ప్రక్కకు ఆనించి పట్టినచో వ్రేలి కొన తెగదు. గుండ్రని కాయను మొదట రెండు చెక్కలుగా చేసి, కోసిన ప్రక్కను పలకపై బోర్లించినచో దొర్లదు.

ఇక కొనుట. ఇంటికి ఆరు కత్తులు అక్కఱలేదు. 6 మొదలు 8 అంగుళముల అలుగు గల కత్తి యొకటి, 3 లేక 4 అంగుళముల చిన్నకత్తి యొకటి చాలును. రొట్టె కోయు అలవాటున్నవారు ఱంపపు పండ్లవంటి అంచు గలది మఱియొకటి తీసికొనవచ్చును. చిన్న చేతులవారికి 6 అంగుళములదే సుఖము. ఆరింటికి పెట్టు సొమ్ము ఈ రెంటిమీదనే పెట్టిన మేలైనవి దొరకును.

పిదప చూడవలసినది లోహము. ఇనుమున కొద్దిపాటి కర్బనము చేరినచో ఉక్కగును. ఆ యుక్కును ఎఱ్ఱగా కాల్చి, నూనెలోనో నీటిలోనో ముంచి, మరల మితముగా కాచినచో కాఠిన్యమును, విఱుగని గుణమును రెండును వచ్చును. ఈ విద్య మన దేశమునకు క్రొత్తది కాదు. దక్షిణదేశపు మూసయుక్కును పాశ్చాత్యులు వూట్జ్ అనిరి. ఆ పేరు మన ఉక్కు శబ్దమునుండియే వచ్చినదని పలువురు పండితుల మతము. నేటి తెలంగాణములో నిజామాబాదు ప్రాంతపు కోనసముద్రమున మట్టిమూసలలో కాచిన ఉక్కుగడ్డలను పారసీక వర్తకులు కొనిపోయెడివారు. డమాస్కసు ఖడ్గములకు వచ్చిన కీర్తి యిట్టి యుక్కు వలననే. కోనసముద్రపు కొలుములను చూచి హెన్రీ వాయ్సీ యను ఆంగ్లేయుడు వ్రాసిన వర్ణనము 1832లో బంగాళమందలి ఆసియాటిక్ సొసైటీ పత్రికలో ప్రకటింపబడినది.

ఆ మూసలు చల్లాఱినను, కర్బనపు ఉక్కు కత్తులు మనకు నేడును దొరకును. కమ్మరులు లారీల కమాను పట్టీలతో చేయు కత్తులు పెక్కు ఇట్టివే. వీనికి పదును త్వరగా ఎక్కును, నూఱుటయు తేలిక. కాని తడి తగిలిన తుప్పు పట్టును. నిమ్మరసము, చింతపండు తగిలిన నల్లబడును. అరటికాయను, వంకాయను కోసినచో ముక్కలు నలుపెక్కును. పని కాగానే కడిగి, తుడిచి, చుక్క నూనె రాయు ఓపికయున్నవారికే యివి తగినవి.

రెండవది తుప్పుపట్టని ఉక్కు, మనము స్టీలని పిలుచునది. 1913లో ఇంగ్లాండునందలి షెఫీల్డు నగరమున హ్యారీ బ్రియర్లీ దీనిని చేసి చూపెను. ఇందు నూటికి పదిన్నర పాళ్లకు తక్కువ కాకుండ క్రోమియము ఉండును. అది గాలి తగిలి, కంటికి కానరాని పొరయై లోహమును కాపాడును. అయితే స్టీలంతయు ఒకటి కాదు. మన కంచములు, గిన్నెలు చేయు స్టీలు కాల్చి ముంచినను గట్టిపడదు. దానితో చేసిన కత్తి చూపునకే గాని కోతకు నిలువదు. నేను కొన్న ఆరింటి గతి యిదియే కావచ్చునని పిదప తోచినది. అంగడికి పోవునప్పుడు చిన్న అయస్కాంతము కొంగున కట్టుకొని పోవుడు. అలుగునకు అది గట్టిగా అంటుకొననిచో ఆ కత్తి వలదు. అంటుకొన్నంత మాత్రమున మంచిదని కాదు, పరీక్షలో మొదటి మెట్టు గట్టెక్కినదని మాత్రమే.

కాఠిన్యమును రాక్‌వెల్ అను కొలతలో చెప్పుదురు. 54 మొదలు 58 వఱకు ఉన్నవి మన యిండ్లకు తగినవి. 60 దాటిన జపానుదేశపు కత్తులు చిరకాలము పదును నిలుపును గాని, గట్టి గుమ్మడిని, కందను అశ్రద్ధగా కోసిన అంచు పెళుసై చిట్లును. అట్లే ఆవకాయకు మామిడికాయ టెంకతో కొట్టుట, కొబ్బరికాయ పగులగొట్టుట, ఎముకలు నఱుకుట ఈ కత్తుల పని కాదు. ఆవకాయకు వేఱుగా బరువైన మామిడికాయ కత్తిపీట ఉండనే యున్నది. ఎవరి పని వారికి అప్పగించుట సంసారమునకెట్లో పనిముట్లకును అట్లే.

పిడిని చేతబట్టియే కొనవలెను. అలుగు లోహము పిడి తుదివఱకు సాగియున్నది దృఢము. పిడికిని లోహమునకును నడుమ సందున్నచో మురికి చేరును. తడిచేతికి, నూనెచేతికి జాఱని పిడి కావలెను. కత్తిని కంటికెదురుగా పట్టి అంచు వంకర లేకుండ చూడుడు. శనివారమునాడు ఇనుము కొనరాదను నమ్మకము మీ యింట నున్నచో, తొందరలేదు, గురువారమే పొండు. నేనట్లే చేసితిని.

కొనినపిదప కాపాడుట సగము పని. గ్రానైటు గట్టుమీద, గాజుపలకమీద, స్టీలు కంచములో కోసినచో ఎంతటి కత్తియైనను త్వరలోనే మొద్దుబాఱును. కఱ్ఱపలక మేలు. పలక క్రింద తడిగుడ్డ పఱచిన కదలదు. గిన్నెలతోపాటు తొట్టిలో వేయరాదు. నురుగు నీటిలో దాగిన కత్తిని తెలియక పట్టిన చేయి తెగును. చేతినుండి జాఱిన కత్తిని పట్టుకొనబోక, వెనుకకు తొలగుడు.

వీధిలో చక్రముపై సాన పట్టువారిలో నేర్పరులు లేకపోలేదు. కాని వడిగా తిరుగు చక్రముపై అలుగు వేడెక్కినచో కొలిమిలో వచ్చిన కాఠిన్యము చెడును, లోహమును వృథాగా అరుగును. ఇంటనే నూఱుకొనుట మంచిది. సాన యను మన మాట సంస్కృతపు శాణ శబ్దమునుండి పుట్టినది. పనిముట్టు అంత ప్రాచీనము, అంత సులభము. 1000 అంకె గల నీటిసానను తడిపి, కత్తిని సుమారు 20 డిగ్రీల వాలున పట్టి, మడమనుండి మొనవఱకు అంచంతయు తగులునట్లు నడుపవలెను. కొంతసేపటికి అవతలి ప్రక్క సన్నని గరుకు తేలును. అప్పుడు తిరుగవేసి నూఱి, ఆ గరుకు పోవువఱకు తేలికగా రెండు ప్రక్కలను మార్చి మార్చి నడుపవలెను. పండిన టొమాటో తోలు నొక్కకుండగనే తెగినచో పదును వచ్చినట్లే.

నేను తెచ్చిన 6 అంగుళముల కత్తిని, ఎత్తైన బల్లను, వీపుకు ఆనిక గల కుర్చీని వంటయింట అమర్చి, అత్తగారి యొద్దకు పోయి, "ఆనాడు తప్పు నాది అత్తయ్యగారూ, మీ చేతిది కాదు" అని చెప్పుకొంటిని. వారు చాలసేపు ఏమియు అనలేదు. సాయంకాలము తామే వచ్చి, కూర్చుండి, కత్తి చేతబట్టి ఒక బెండకాయ కోసిరి. చక్రములు మునుపటియంత సన్నగా రాలేదు. నాలుగవ కాయకు వచ్చినవి.

నెల తిరిగిన పిదప ఒక ఉదయము నన్ను పిలిచి, "నీ సానరాయి ఎక్కడుందో వెదకనక్కఱలేదులే, ఊరగాయ జాడీ బోర్లించు" అనిరి. జాడీ అడుగున మెఱుగు పూయని గరుకు అంచుమీద కత్తిని అటు నాలుగుమారులు, ఇటు నాలుగుమారులు నడిపి నా చేతికిచ్చిరి. టొమాటో తెగినది. ఈ కిటుకు వారి తల్లిగారు నేర్పినదట. ఇన్నాళ్లు నేనడుగలేదు, వారు చెప్పలేదు.

సోదరీమణులారా, మీ యింట కత్తి మొద్దుబాఱినదని ఎవరైన అన్నచో ఆనాడే నూఱుడు. అన్నవారు పెద్దవారైనచో, నూఱు విధమును వారినే ముందుగా అడుగుడు.