కట్టుబాటుకు కాగితం కావాలి

ఆదివారం పొద్దున తొమ్మిది గంటలకు హైదరాబాద్ అబిడ్స్‌లో మూసిన షట్టరు ముందు ఒకాయన నీలిరంగు పట్టా పరుస్తాడు. గాలికి లేవకుండా నాలుగు మూలలా లావుపాటి పాత డిక్షనరీలు పెడతాడు. గోనెసంచిలోంచి పుస్తకాలు తీసి, పేర్లు కనబడేలా వెన్నులు పైకి పెట్టి పేరుస్తాడు. ఇంజనీరింగ్ పుస్తకాలు ఒకవైపు, ఇంగ్లిష్ నవలలు ఒకవైపు, తెలుగు, ఉర్దూ పుస్తకాలు షట్టరుకు ఆనించి. పక్క జాగా ఇంకా ఖాళీగానే ఉంది. అక్కడ కొత్తగా ఎవరైనా సంచి దించబోతే ఈయనే ఆపుతాడు: "అది వేరేటోళ్ల జాగ అన్నా, ఇప్పుడొస్తడు." ఆ మనిషి వచ్చేదాకా ఆ నాలుగడుగుల నేలను ఎవరూ తొక్కరు.

అద్దె పత్రం లేదు, హద్దురాయి లేదు. అయినా ఆ జాగా ఎవరిదో అందరికీ తెలుసు. దీన్ని మన పెద్దలు కట్టుబాటు అన్నారు. ఆర్థికశాస్త్రంలో 1993లో నోబెల్ అందుకున్న డగ్లస్ నార్త్ సంస్థలంటే ప్రధానంగా ఇలాంటి నియమాలేనని, రాసినవీ రాయనివీ రెండూ అందులోకి వస్తాయని వివరించాడు. మనకు సంస్థ అనగానే బోర్డు, భవనం గుర్తొస్తాయి. భవనం కన్నా ముందు ఉండేది కట్టుబాటే. ఏ దేశం బాగుపడుతుంది, ఏది వెనకబడుతుంది అన్నదాంట్లో ఈ నియమాల పాత్ర ఎంతో చూపినందుకే 2024 నోబెల్ కూడా ముగ్గురు ఆర్థికవేత్తలకు దక్కింది. అంత పెద్ద విషయాన్ని అబిడ్స్ నుంచి నాంపల్లి దాకా నడిచి కూడా తెలుసుకోవచ్చు.

ఈ పుస్తకాల బజారు ఆదివారమే ఎందుకు జరుగుతుంది? దుకాణాల్లో పనిచేసేవాళ్లకు విశ్రాంతి ఉండాలని షాపులు, సంస్థల చట్టం వారానికి ఒకరోజు సెలవు పెట్టింది. అబిడ్స్‌లో చాలా షట్టర్లు ఆదివారం దిగుతాయి. షట్టరు దిగితే దాని ముందున్న మెట్టు, ఫుట్‌పాత్ ఖాళీ అవుతాయి. ఆ ఖాళీలో పుస్తకాలు వెలిశాయి. సేల్స్‌మన్ విశ్రాంతి కోసం పుట్టిన నియమం, కొత్త పుస్తకం కొనలేని పిల్లవాడికి చదువు చేరవేసింది. ఎంట్రన్స్ పరీక్షలకు, గ్రూప్స్‌కు ప్రిపేరయ్యే పిల్లలు సగం ధరకో, అంతకన్నా తక్కువకో పుస్తకాలు కొనుక్కుని బస్సెక్కడం నేను ఏళ్లుగా చూస్తున్నాను.

అనుకోకుండా దొరికిన మేలు అనుకోకుండానే పోవచ్చు కూడా. ఏడాదికి 10,000 రూపాయలు కట్టి అనుమతి తీసుకుంటే దుకాణాలు 24 గంటలూ తెరిచి ఉంచుకోవచ్చని 2023 ఏప్రిల్‌లో తెలంగాణ ప్రభుత్వం జీవో ఇచ్చింది. పనివాళ్లకు వారపు సెలవు ఇవ్వాలన్న షరతు అందులో ఉంది. కానీ సెలవు మనిషికే గాని షట్టరుకు అక్కర్లేదు. ఆదివారం షట్టరు లేస్తే మెట్టు మీది పట్టా లేవాల్సిందే. ఆ జీవో రాసినవాళ్లకు పుస్తకాలవాళ్ల మీద పగేమీ లేదు. వాళ్లసలు లెక్కలోనే లేరు. పేదవాడికి ఎక్కువ నష్టం జరిగేది ఇలాగే.

అబిడ్స్ నుంచి నడిచిపోయే దూరంలో నాంపల్లి ఎగ్జిబిషన్ గ్రౌండ్స్ ఉన్నాయి. 1938లో ఉస్మానియా పట్టభద్రుల సంఘంవాళ్లు హైదరాబాద్ సంస్థానంలో ఆర్థిక సర్వే చేయాలనుకున్నారు. డబ్బు లేదు. దాన్ని కూడబెట్టడానికి పబ్లిక్ గార్డెన్స్‌లో స్థానిక వస్తువుల ప్రదర్శన పెట్టారు. అదే నుమాయిష్. 1946లో ఇప్పటి మైదానానికి మారింది. ఇప్పుడు ఏటా సాధారణంగా జనవరి 1న మొదలై సుమారు నెలన్నర సాగుతుంది. దాన్ని నడిపే ఎగ్జిబిషన్ సొసైటీ తన ఆదాయాన్ని చదువులకు పెడుతుంది. సరోజినీ నాయుడు వనితా మహావిద్యాలయ, కమలా నెహ్రూ పాలిటెక్నిక్ ఆ డబ్బుతో నిలబడ్డవే.

సరుకు పరిచి అమ్మడమే నుమాయిష్‌లోనూ అబిడ్స్‌లోనూ పని. రెండూ తాత్కాలికమే, సాయంత్రానికో సీజన్ చివరికో మూట కట్టాల్సిందే. తేడా కష్టంలో లేదు, కాగితంలో ఉంది. నుమాయిష్‌లో దుకాణానికి నంబరు, రసీదు, కరెంటు ఉంటాయి. పైన సొసైటీ ఉంది, దానికి నిబంధనలున్నాయి, అధ్యక్ష స్థానంలో మంత్రి కూర్చోవడం ఆనవాయితీ. 2019 జనవరి 30 రాత్రి మంటలు లేచి స్టాళ్లు వరసలకు వరసలు కాలిపోయాయి. విషయం హైకోర్టుకు వెళ్లింది. ఆ తర్వాత అగ్నిమాపక అనుమతులు, నీటి ఏర్పాట్ల మీద పట్టు పెరిగింది. జవాబు చెప్పాల్సిన సంస్థ ఒకటి ఉంది కాబట్టే ప్రశ్న అడగడం కుదిరింది. అబిడ్స్ ఫుట్‌పాత్ మీద వాన పడి వంద పుస్తకాలు తడిసినా, "జరుపు, జరుపు" అని లాఠీ చప్పుడైనా ఎవరిని అడగాలి?

అడగడానికి చట్టం లేక కాదు. 2014లో పార్లమెంటు వీధి వ్యాపారుల చట్టం చేసింది. ప్రతి పట్టణంలో టౌన్ వెండింగ్ కమిటీ ఉండాలి, అందులో కనీసం 40 శాతం మంది వీధి వ్యాపారులు ఎన్నుకున్నవాళ్లే కావాలి, వాళ్లలో మూడోవంతు మహిళలు. కనీసం అయిదేళ్లకోసారి సర్వే జరగాలి. ఆ సర్వే పూర్తయి సర్టిఫికెట్లు ఇచ్చేదాకా ఎవరినీ లేపకూడదు. ఒకే జాగాను వేళల వారీగా పంచుకుని అమ్ముకునే పద్ధతినీ చట్టం ఊహించింది. వారంలో ఆరు రోజులు దుకాణానిది, ఏడోరోజు పుస్తకాలది అన్న అబిడ్స్ ఏర్పాటు అచ్చంగా అదే. యాభై ఏళ్లు దాటిన సహజ బజారును వారసత్వ బజారుగా ప్రకటించాలని, అక్కడివాళ్లను మరోచోటికి తరలించకూడదని కూడా అందులో ఉంది.

ఇక్కడే మెలిక. యాభై ఏళ్లని ఎవరు తేల్చాలి? సర్వే చేస్తే తేలుతుంది. వారానికి ఒక్కరోజు కూర్చునే మనిషి సర్వేలో పడాలంటే, సర్వేకు ఆదివారం రావాలి. సోమవారం వచ్చినవాళ్లకు అక్కడ తెరిచిన దుకాణాలే కనిపిస్తాయి, పుస్తకాలు కనిపించవు. ఏ రోజు లెక్కపెట్టాలి అన్న చిన్న నియమం మీద ఇంత పెద్ద హక్కు ఆధారపడి ఉంది. కాగితం విలువ ఎంతో 2020లో చూశాం. లాక్‌డౌన్ దెబ్బ తిన్న వీధి వ్యాపారులకు పీఎం స్వనిధి కింద బ్యాంకులు మొదట 10,000 రూపాయల దాకా అప్పిచ్చాయి. అది అందాలంటే సర్టిఫికెటో, గుర్తింపు కార్డో, సిఫారసు లేఖో చూపించాలి. పేరు జాబితాలో లేనివాడు వడ్డీ వ్యాపారి గడపే తొక్కాలి.

ఢిల్లీ దరియాగంజ్ ఆదివారం పుస్తకాల బజారు కథ మనకు హెచ్చరిక. ట్రాఫిక్ ఇబ్బందుల కేసులో 2019 జూలైలో హైకోర్టు ఉత్తర్వుతో దశాబ్దాల నాటి ఆ బజారు ఆగిపోయింది. అమ్మేవాళ్లు సంఘంగా నిలబడి కొట్లాడితే సెప్టెంబరులో మహిళా హాట్‌లో చోటు దొరికింది. బజారు బతికింది గాని ఫుట్‌పాత్ దక్కలేదు. మనం అలాంటి ఉత్తర్వు వచ్చేదాకా ఆగనక్కర్లేదు. జీహెచ్ఎంసీ ఒక ఆదివారం వచ్చి అబిడ్స్ పుస్తకాలవాళ్లను లెక్కపెట్టాలి. ఆదివారం బజారుగా గుర్తించి, నడిచేవాళ్లకు దారి వదిలి గీతలు గీయాలి. టౌన్ వెండింగ్ కమిటీలో వాళ్ల మనిషికి కుర్చీ వేయాలి.

పక్కవాడు వచ్చేదాకా అతని జాగాను కాపాడే మనుషులకు నియమం అంటే ఏమిటో మనం నేర్పక్కర్లేదు. కానీ కట్టుబాటు తోటివాళ్ల మధ్యే చెల్లుతుంది. లాఠీ ముందు, లారీ ముందు, కొత్త జీవో ముందు చెల్లాలంటే దానికి కాగితం కావాలి. "వేరేటోళ్ల జాగ, ఇప్పుడొస్తడు" అన్న ఆ మాట ప్రభుత్వ రికార్డులోకి ఎక్కాలి.

– బాటసారి