కారుకు కారణం తెలుసు, చెప్పదంతే

అమెరికాలో మిన్నెసోటాలోనో మిషిగన్‌లోనో జనవరి ఉదయం మైనస్ 20 డిగ్రీలంటే అక్కడివాళ్లకు వార్త కాదు. చదువుకో ఉద్యోగానికో వెళ్లిన మన పిల్లలు చాలామంది అక్కడ మొదట కొనేది పదేళ్లో పన్నెండేళ్లో తిరిగిన కారు. ఎండాకాలమంతా పేచీ పెట్టని ఆ కారు చలి ముదిరాక ఒకరోజు హైవే ఎక్కగానే మొరాయిస్తుంది. యాక్సిలరేటర్ తొక్కకుండానే వేగాన్ని నిలిపి ఉంచే క్రూయిజ్ కంట్రోల్ బటన్ నొక్కితే వేగం నిలవదు, నిలిచినా రెండు నిమిషాల్లో వదిలేస్తుంది. అరగంట నడిపి బండి వేడెక్కాక ఏమీ ఎరగనట్టు మళ్లీ పనిచేస్తుంది. దీనికి జనం చేసేవి రెండే పనులు. మార్చి వస్తే అదే సర్దుకుంటుందిలే అని వదిలేయడం, లేదంటే ఎవరో చెప్పారని స్టీరింగ్ మీది స్విచ్‌ల సెట్టు కొని మార్పించడం. రెండూ పొరపాటే. చలిలో క్రూయిజ్ ఆగిపోయిందంటే చాలాసార్లు లోపం క్రూయిజ్‌లో ఉండదు, మరెక్కడో ఉంటుంది. ఎక్కడుందో చాలా కార్లలో కంప్యూటర్‌కు తెలుసు. నడిపేవాడికి మాత్రం అది చెప్పదు. ఈ మౌనం యంత్రం తప్పు కాదు, కంపెనీలు తీసుకున్న నిర్ణయం. దాన్ని మార్పించాలి.

క్రూయిజ్ కంట్రోల్‌కు ఆద్యుడు రాల్ఫ్ టీటర్. అమెరికాలోని ఇండియానా రాష్ట్రంలో పిస్టన్ రింగుల కంపెనీ నడిపిన ఇంజినీరు, ఐదేళ్ల వయసులోనే చూపు పోయినవాడు. ఆయనకు 1950లో పేటెంట్ వచ్చింది, 1958లో క్రిస్లర్ ఇంపీరియల్‌తో ఇది మార్కెట్లోకి దిగింది. వేగాన్ని పట్టి ఉంచడం ఇందులో సగం పనే. అనుమానం వస్తే తక్షణం వదిలేయడం మిగతా సగం. బ్రేకు మీద కాలు లేదని, చక్రాల వేగాలు ఒకదానికొకటి సరిపోతున్నాయని, గేరు సరిగా ఉందని, బ్రేకు వేస్తే చక్రాలు బిగుసుకోకుండా చూసే ఏబీఎస్ బాగుందని ఇలా ఎన్నో చోట్ల నుంచి సరే అన్న కబురు అందితేనే నేటి క్రూయిజ్ పనిచేస్తుంది. ఒక్కచోట తేడా కనిపించినా పక్కకు తప్పుకుంటుంది. అలా తప్పుకోవడమే దాని ధర్మం. చలి చేసేదల్లా ఇలాంటి తేడాలు పుట్టించడం.

అన్నిటికంటే ముందు అనుమానించాల్సింది బ్రేక్ పెడల్ దగ్గరి స్విచ్‌ని. పెడల్ కాడకు పైన, డ్యాష్‌బోర్డు కింది చీకట్లో బొటనవేలంత ప్లాస్టిక్ ముక్క అది. కాలు తీయగానే పెడల్ వెనక్కి వచ్చి దాని మొనను నొక్కిపెట్టాలి. గడ్డకట్టే చలిలో పెడల్ ఇరుసు దగ్గరి గ్రీజు చిక్కబడి, పెడల్ వెంట్రుకవాసి తక్కువగా వెనక్కి వచ్చిందనుకోండి, కంప్యూటర్ లెక్కలో మీ కాలు బ్రేకు మీదే ఉంది. ఇక క్రూయిజ్ పట్టుకోదు. చీకటివేళ కారు వెనుకభాగాన్ని గోడకు ఎదురుగా నిలిపి, పార్కింగ్ లైట్లు ఆర్పి, బ్రేకు తొక్కకుండా అద్దంలో చూడండి. గోడమీద ఎర్రటి వెలుగు పడుతుంటే దొంగ దొరికినట్టే. వెలుగు లేనంత మాత్రాన స్విచ్ బాగున్నట్టు కాదు. చాలా కార్లలో ఆ చిన్న ముక్కలో రెండు సర్క్యూట్లుంటాయి, ఒకటి లైట్లకు, మరొకటి క్రూయిజ్‌కు. మొదటిది బాగుండి రెండోది చెడవచ్చు. మొదటిది చెడితే మాత్రం అది సౌకర్యానికి సంబంధించిన సంగతి కానే కాదు. మంచు రోడ్డు మీద మీ వెనక వస్తున్నవాడికి మీరు ఆగుతున్నారో లేదో తెలియదు.

మిగతా కారణాలు బండి వయసును బట్టి మారతాయి. బాగా పాత కార్లలో యాక్సిలరేటర్‌ని లాగే వాక్యూమ్‌ను చేరవేసే రబ్బరు గొట్టాలుంటాయి, అవి చలికి బిరుసెక్కి పగుళ్ల దగ్గర గాలి పీలుస్తాయి. కొత్త కార్లలో ముందున్న బండి దూరాన్ని చూసే, గ్రిల్ దగ్గరి రాడార్ మీద ఉప్పు కలిసిన బురదమంచు పేరుకుంటే చాలు, తుడిచేదాకా క్రూయిజ్ పనిచేయదు. క్రూయిజ్‌తో పాటు హారన్ కూడా మూగబోతే స్టీరింగ్ లోపలి చుట్టు తీగను చూడాలి. నాకు అన్నిటికంటే ఆసక్తిగా అనిపించేది సుబారు కార్ల సంగతి. వాటిలో చాలా మోడళ్లలో చెక్ ఇంజిన్ లైట్ వెలిగితే క్రూయిజ్ కూడా పని మానేస్తుంది, లోపానికి దానితో ఏ సంబంధం లేకపోయినా సరే. పెట్రోలు ట్యాంకు మూత వదులైనా అంతే. ఇంజిన్ వేడిని అదుపులో ఉంచే థర్మోస్టాట్ తెరుచుకుని ఇరుక్కుపోయిందనుకుందాం. వేసవిలో ఆ సంగతి పెద్దగా బయటపడదు. చలికాలంలో ఇంజిన్ ఎంతసేపటికీ కాగదు, హీటర్ నుంచి గోరువెచ్చని గాలే వస్తుంది, పి0128 అన్న కోడ్ నమోదై లైట్ వెలుగుతుంది, క్రూయిజ్ పోతుంది. యజమాని క్రూయిజ్ స్విచ్‌లు మార్పిస్తాడు!

ఇంతకంటే పెద్ద చిక్కు మెకానిక్ దగ్గరుంది. చలిలో మొరాయించిన బండి వెచ్చని షెడ్‌లో గంట నిలబడితే బుద్ధిమంతురాలైపోతుంది. అన్నీ బాగున్నాయని చెప్పి, చూసినందుకు బిల్లు వేసి పంపిస్తారు. లోపం తలెత్తిన క్షణంలో రాసి పెట్టుకున్న నమోదే ఇక్కడ సాక్ష్యం. ఆ నమోదు లేదా అంటే, ఉంది. జనరల్ మోటార్స్ కార్లలో చాలావాటిలో క్రూయిజ్ చివరి కొన్నిసార్లు ఎందుకు వదిలేసిందో కంప్యూటర్ గుర్తుంచుకుంటుంది, డీలర్ స్కానర్‌తో చదవవచ్చు. డబ్బు పెట్టి బండి కొన్నవాడికి మాత్రం కనిపించేది డ్యాష్‌బోర్డు మీద ఆరిపోయిన క్రూయిజ్ పచ్చ దీపం ఒక్కటే.

శీతాకాలంలో క్రూయిజ్ వాడనే కూడదు కదా, పనిచేయకపోతే నష్టమేమిటన్నది మొదటి అభ్యంతరం. మంచు, జారుడు రోడ్ల మీద వాడవద్దని కార్ల మాన్యువళ్లే చెబుతాయి, అది అక్షరాలా పాటించాల్సిన మాట. అయితే కటిక చలిలోనూ ఉప్పు చల్లి, పొడిగా ఉన్న హైవేలు ఉంటాయి. పైగా ఇక్కడ ప్రశ్న క్రూయిజ్ వాడాలా వద్దా అని కాదు, అది ఏ లోపాన్ని చూసి ఆగిందని. కారణాలు తెరమీద చూపిస్తే సామాన్యులు గందరగోళపడతారని, తెలియనివాళ్లు బ్రేకు స్విచ్‌లో వేలు పెడతారని రెండో వాదన. ఇందులో కొంత నిజముంది. కానీ రాడార్‌కు మంచు అడ్డుపడింది, తుడవండి అని ఇవే కంపెనీలు ఇవాళ అదే తెరమీద చూపిస్తున్నాయి. ఎవరూ గందరగోళపడలేదు, గుడ్డ తీసుకుని తుడుస్తున్నారు. బ్రేక్ స్విచ్ సంకేతం సరిగా లేదు, మెకానిక్‌కు చూపించండి అని ఇంకో వాక్యం చూపడానికి కొత్త తెర అక్కర్లేదు. ఖర్చు మాట ఇక్కడ చెల్లదు. కంపెనీలు తమంతట తాము ఈ పని చేస్తాయన్న నమ్మకం నాకు లేదు. అమెరికాలో 1996 మోడళ్ల నుంచి ప్రతి కారుకూ ఒకేరకం స్కానర్ సాకెట్ వచ్చిందంటే అది వాళ్ల ఉదారత వల్ల కాదు, పొగ నియంత్రణ నిబంధనలు మెడలు వంచడం వల్ల. క్రూయిజ్ ఆగిన కారణం చూపడానికీ అలాంటి నిబంధనే కావాలి.

అది వచ్చేలోగా అక్కడున్న పిల్లలకు ఈ మాట చేరవేయండి. క్రూయిజ్ మొరాయించిన రోజు బయట ఎంత చలి ఉంది, బండి తీసిన ఎన్ని నిమిషాలకు ఆగింది, అప్పుడు ఏయే లైట్లు వెలిగాయి, హారన్ మోగిందా లేదా అన్నవి బండి ఆపాక ఫోన్‌లో రాసుకోమనండి. షెడ్‌కు ముందురోజు సాయంత్రమే ఇచ్చి, రాత్రంతా ఆరుబయట ఉంచి, పొద్దున్నే వేడెక్కకముందే చూడమని మెకానిక్‌ను అడగమనండి. బండిలో క్రూయిజ్ రద్దయిన కారణాల నమోదు ఉంటే, దాన్ని స్కానర్‌లో చదివి చూపించేదాకా ఏ విడిభాగానికీ డబ్బు కట్టవద్దనండి.