చలిమంట ఆర్పితే సరిపోతుందా?

బదిలీ ఉద్యోగుల పిల్లలమైన మాకు చలికాలం ఊరిని బట్టి మారిపోతుంది. విశాఖపట్నంలో ఉన్నప్పుడు స్వెట్టరు పెట్టెలోంచి బయటికి రాదు. ఢిల్లీకి వస్తే రెండు స్వెట్టర్లు వేసుకున్నా పళ్ళు టకటకమంటాయి. అలాంటి చలిలో కాలనీ గేటు దగ్గర రాత్రంతా కూర్చునే గార్డు అంకుల్ నాలుగు పుల్లలు, ఎండుటాకులు పోగుచేసి మంట వేసుకుంటే అది తప్పా?

నిబంధనల ప్రకారం తప్పే. ఆ నిబంధన మంచిదేనని మేమూ ఒప్పుకుంటాం. శీతాకాలపు రాత్రి నేలకు దగ్గరగా ఉన్న గాలి బాగా చల్లబడుతుంది. దాని పైనున్న వెచ్చని గాలి కుండ మీద మూతలా నిలుస్తుంది. అప్పుడు పొగ పైకి పోలేక మనం పీల్చే గాలిలోనే తిరుగుతుంది. కట్టెల పొగలో ఉండే పి.ఎం. 2.5 కణాలు మన వెంట్రుక మందంలో దాదాపు ముప్పయ్యో వంతు ఉంటాయి. అవి ఊపిరితిత్తుల లోతుల దాకా వెళ్తాయి. ఘనపు మీటరు గాలిలో ఈ కణాలు 24 గంటల సగటున 60 మైక్రోగ్రాములు దాటకూడదని మన దేశ ప్రమాణం. ఢిల్లీ చలికాలంలో ఆ గీత దాటని రోజులు అరుదు.

అందుకే 2016 డిసెంబరులో జాతీయ హరిత ట్రిబ్యునల్ ఆరుబయట చెత్త కాల్చితే 5,000 రూపాయల జరిమానా అంది. 2017లో 'గ్రాప్' అనే దశలవారీ ప్రణాళిక వచ్చింది. గాలి ఎంత చెడితే అంత కఠినమైన నిబంధనలు అమలులోకి వస్తాయి.

"లారీలనూ ఫ్యాక్టరీలనూ వదిలేసి పేదవాడి చలిమంట మీద పడతారా?" అని కొందరు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. వాటిని అదుపు చేయాల్సిందే. కానీ చలిమంట పొగను అందరికంటే ముందు, అందరికంటే ఎక్కువగా పీల్చేది ఆ మంట పక్కన కూర్చున్న మనిషే. ఈ నిబంధన మొదట కాపాడేది ఆయననే.

అయితే చాలామంది మరిచిపోయే మాట ఒకటుంది. గాలి నాణ్యత సూచిక 300 దాటినప్పుడు పాటించాల్సిన గ్రాప్ నియమాల్లో, కాలనీ సంఘాలు తమ భద్రతా సిబ్బందికి ఎలక్ట్రిక్ హీటర్లు తప్పక ఇవ్వాలని కూడా ఉంది. అంటే నిబంధనకు రెండు సగాలున్నాయి: మంట వద్దనడం, వెచ్చదనం ఇవ్వడం. మేము చూసిన కాలనీల్లో "మంటలు వేయరాదు" అన్న బోర్డు ఉంటుంది, హీటరు మాత్రం ఉండదు. బోర్డు చలిని ఆపదు కదా!

సగం నిబంధన ప్రమాదం కూడా. బయట మంట వద్దంటే, చలికి తాళలేని మనిషి బొగ్గుల కుంపటిని చిన్న గదిలోకి తెచ్చుకొని తలుపు వేసుకుంటాడు. కార్బన్ మోనాక్సైడ్‌కు రంగూ లేదు, వాసనా లేదు. నిద్రలోనే ప్రాణం తీస్తుంది. ఉత్తర భారతంలో ఏటా చలికాలం ఇలాంటి వార్తలు చదువుతూనే ఉన్నాం.

కాబట్టి మేము కోరేది ఇది. చలి మొదలవకముందే కాలనీ సంఘం గార్డు గదికి సరైన వైరింగు చేయించి, హీటరు పెట్టించాలి. రాలిన ఆకులను కాల్చకుండా గుంటలో వేసి ఎరువు చేయాలి. పిల్లలం మనం చేయగలిగిందీ ఉంది: మన ఇంటి పెద్దలను సంఘం సమావేశంలో ఈ విషయం అడగమని చెప్పడం.

ఇక మన పండుగ సంగతి. భోగి సరిగ్గా జనవరి నడిమిలో, ఢిల్లీ గాలి బాగా చెడిపోయే రోజుల్లో వస్తుంది. గార్డు అంకుల్ మంటకు అడ్డొచ్చిన నిబంధన మన భోగిమంటకు అడ్డు రాదా? మనకో నీతి, ఆయనకో నీతి కుదరదు. ఢిల్లీలో ఉన్నన్నాళ్ళూ ముగ్గులు, గొబ్బెమ్మలు, భోగిపళ్ళతో పండుగ చేసుకుందాం. ఆ భోగికి గేటు దగ్గర హీటరు వెలుగుతూ ఉంటే, నిబంధన పూర్తిగా పాటించినట్టు.