మేము – మా సులోచనాలు

ఇంద్రియాలన్నింటిలో కన్నే మిన్న అని పెద్దలంటారు. ఆ కంటికి ఊతగా నిలిచే అద్దాలకు మన భాషలో ఎంత సొగసైన పేరు పెట్టారు! సులోచనాలట! ఇంట్లో ‘ఐనక్’ అన్నా, అంగడిలో ‘కళ్ళజోడు’ అన్నా, తెలుగు తరగతిలో ‘సులోచనాలు’ అన్నా వస్తువు ఒక్కటే. దానితో పడే పాట్లూ ఒక్కటే. పదిహేనేండ్లుగా వాటిని ముక్కుమీద మోస్తున్నవారము గనుక ఆ పాట్లను గూర్చి నాలుగు మాటలు చెప్పే అర్హత మాకున్నదని భావిస్తున్నాము.

మన గుంటూరు సీమ ఎండలు తెలియనిదెవరికి? మార్చి మాసం వచ్చేసరికే చెమటకు జోడు ముక్కుపై నిలువదు. ఒక చేత సుద్దముక్క, మరొక చేత జారే కళ్ళజోడు పట్టుకొని పాఠం చెప్పాలి. వజూ చేస్తూ తీసి గట్టుమీద పెట్టిన జోడును, ముఖం కడుక్కొన్న పిమ్మట తడుముకొంటూ వెదకాలి. సజ్దాలో నుదుటికంటె ముందుగా నేలను తాకబోయేది జోడే. జిన్నింగు మిల్లుల మీదుగా వస్తే అద్దాలనిండా పత్తి నూగు. ఒకనాడు పరీక్షా మందిరంలో మర ఊడి ఒక అద్దం రాలిపోగా, మూడు గంటలు ఒంటి కంటితో కాపలా కాశాము. ఆ పూట చీటీలు తెచ్చినవారెవరైనా ఉంటే అది వారి అదృష్టం!

మరి ప్రత్యామ్నాయం లేదా? ఉన్నది. చెకోస్లొవేకియా రసాయన శాస్త్రజ్ఞుడు ఓటో విఖ్టర్లే 1961లో మెత్తని కాంటాక్టు లెన్సులను రూపొందించాడు. కాని వాటిని కుళాయి నీటితో కడుగరాదు. ప్రత్యేకమైన ద్రావణం కావాలి. ముట్టే చేయి శుభ్రంగా ఉండాలి. మిరప తొడిమలు తీసిన చేతిని ఎంత కడిగినా ఘాటు వదలదని మన ఇళ్ళలో ఎరుగనివారు లేరు. ఆ ఘాటు నీటిలో సులభంగా కరగదు. ఆ వ్రేళ్ళతో లెన్సు పెట్టుకొంటే కన్నుల గతి ఏమి?

లేజరు చికిత్స మరొక మార్గం. అందుకు పద్దెనిమిదేండ్లు నిండాలి. కనీసం ఒక ఏడాది పవరు మారకుండా నిలవాలి. కార్నియా పొర తగినంత మందంగా ఉండాలి. ఇవన్నీ కుదిరినా నలభై దాటినాక వచ్చే చత్వారాన్ని అది ఆపలేదు. ముప్పైలలో ఉన్న మేము ఇప్పుడు వదిలించుకొన్న జోడును కొన్నేండ్లకు చదువుకోవడానికై మళ్ళీ వెదకవలసినదే. అందుచేత పాత నేస్తాన్నే నమ్ముకొన్నాము.

అయితే, మా తరగతులలో తరచుగా కనిపించే ప్రత్యామ్నాయం ఇంకొకటున్నది. అసలు అద్దాలే పెట్టుకోకపోవడం! నిరుడు ఒక విద్యార్థిని నల్లబల్ల వైపు చూడక, ప్రక్క అమ్మాయి పుస్తకంలోనుండి ఎక్కించుకొంటున్నది. విచారించగా సంచిలో కళ్ళజోడు పెట్టె బయటపడింది. తల్లిని పిలిపించి అడిగాము.

“అద్దాలతో నలుగురూ చూస్తే రేపు పిల్లకు సంబంధాలు ఎట్లా వస్తాయి సార్?” అన్నదామె.

“బోర్డు కనబడకపోతే చదువెట్లా వస్తుందమ్మా?” అన్నాము.

ఆమె తల వంచుకొన్నది. మిరపకాయల తొడిమలు తీసిన కూలి డబ్బుతో ఆ జోడు కొన్నది ఆమెయే, దాచమన్నదీ ఆమెయే. తప్పు ఆ తల్లిది కాదు; అద్దాలు చూచి వెనుకకు మళ్ళే పెళ్ళివారిది, ‘సోడాబుడ్డి’ అని నవ్వే మనది.

పదకొండవ శతాబ్ది ఆరంభంలో కైరో నగరంలో ఇబ్నుల్ హైతం ‘కితాబుల్ మనాజిర్’ రచించి, వస్తువులనుండి వచ్చే కాంతి కంటిలో ప్రవేశించడంవల్లనే చూపు కలుగుతుందని నిరూపించాడు. లాటిన్ అనువాదం ద్వారా ఐరోపా పండితులు ఆ గ్రంథాన్ని చదివారు. పదమూడవ శతాబ్ది చివర ఇటలీలో కళ్ళజోడు వెలసింది. ఆ విద్య మా వారిదని సభలలో గర్వించే మనము, ఇంటి ఆడపిల్ల ముఖాన ఆ అద్దాలు కనబడితే సిగ్గుపడడం ఏమి న్యాయం?

కంటి వైద్యం మనకు దూరమైనదేమీ కాదు. గుంటూరు వైద్య కళాశాలలో చదివిన డాక్టర్ గుళ్ళపల్లి నాగేశ్వరరావుగారే 1987లో హైదరాబాదున ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థను నెలకొల్పారు. 2019 అక్టోబరు 10న మన రాష్ట్రంలో ప్రారంభమైన ‘కంటి వెలుగు’ తొలుత బడిపిల్లలకే కళ్ళు పరీక్షించింది. కాని బడిలో చక్కగా ఉన్న చూపు కళాశాలకు వచ్చేసరికి తగ్గవచ్చును. కనుక ప్రతి యేడూ ప్రవేశాల సమయంలోనే విద్యార్థులందరికీ కంటి పరీక్ష జరిపించాలనీ, కొనలేనివారికి కళాశాల నిధినుండి అద్దాలు ఇప్పించాలనీ పాలక వర్గంవారిని సవినయంగా కోరుతున్నాము.

విద్యార్థులారా! మిమ్ము కోరేది అంతకంటె చిన్నది. ఆ ‘సోడాబుడ్డి’ మాటను మానండి. అద్దాలు మా ముక్కుకు బరువే. కాని ఆ మాట ఒక పిల్ల చదువుకే బరువు.